ఇరవైమూడు దొంగ హాజర్లు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా బిడ్డ కూడా నాలాగే సగంలో బడి మానేసి, బతికినన్నాళ్లూ ఎదుటివాళ్లు చదివి చెప్పిందే నమ్ముకుని బతకాల్సి వస్తుందేమోనని. నన్ను మా పుట్టింటి ఊరు గుడిబండలో ఏడో తరగతి పరీక్షలకు పదిరోజుల ముందు బడి మాన్పించారు. ఆ తర్వాత ఏ కాగితం చేతికొచ్చినా కూడబలుక్కుని చదవడం, అర్థం కాక పక్కవాళ్ల మొహం చూడడం. నా హరిత అట్లా ఎవరి మొహమూ చూడకూడదనుకున్నాను. ఆ ఒక్క కోరికనే మా ఇంటివాళ్లు చాపలా పరుచుకుని దాని మీద కూర్చున్నారు. 2002లో, ఆషాఢం నుంచి దీపావళి దాకా. తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

మా ఆయన రాజశేఖర్ ధర్మవరంలో పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. నేతపని చేసుకునే ఇంట్లో పుట్టినా మగ్గం మీద గంటసేపు కూర్చునే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు. ముందరి గదిలో ఉన్న మగ్గం నేసేది నేను. రాట్నం మీద కండెలకు దారం చుట్టేది మా అత్త బాలనాగమ్మ. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కెమెరా సంచిలో పడి ఉండేది, మా ఆయన మంచం మీద పడి ఉండేవాడు.

అట్లాంటి ఒక పొద్దు కేబుల్ ఓనరు మారెప్ప వచ్చాడు. గది నాలుగు మూలలూ చూశాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నేను అక్కడ ఉన్నట్టే అతనికి కనపడలేదు. నా తల మీదుగా మా ఆయనతో మాట్లాడాడు.

"ఏమప్పా రాజా, ఈ గది చాలు. సినిమాలు అందరూ ఏస్తాండారు. మన ఊరోళ్లను మన ఊరోళ్లకే చూపిస్తే ఉండాది చూడు మజా! ఎవరి బిడ్డ పుట్టినదినం, ఎవరింట్లో పెండ్లి, యా అంగడికి కొత్త చీరలు వచ్చినాయి, అంతా మనమే చెప్దాం. వైరు నాది, కెమెరా నీది. ఒగ ఛానలు పెడదాం."

"మగ్గం ఉండాది కదన్నా?"

"పీకేయ్."

నేను పోగుల మధ్య ఆడే నాడె ఆపాను. మా అత్త రాట్నం ఆపింది.

"పీకేస్తావా? నీ నాయన ఈ గుంతలో కూసోనే నిన్ను సాకినాడు రా. దాంట్లో మన్ను పోస్తే మన నోట్లో మన్ను పోసుకున్నట్లే!"

"మన్ను పోసేది లేదు లేమ్మా, పైన చెక్కలు పరుస్తాం," అని నవ్వాడు మారెప్ప. "రేపు నువ్వు పాట పాడతావు, ఊరంతా ఇంటాది. అప్పుడు తిట్టు నన్ను."

మా అత్త మూడు రోజులు తిట్టింది. నాలుగో రోజు మంగళహారతి పాట ఏది బాగుంటుందని నన్నే అడిగింది. మగ్గం నేసే మనిషిని నేను. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మగ్గం విప్పి పెరట్లో గోడకు ఆనించారు. గుంత మీద చెక్కలు, చెక్కల మీద జంపఖానా, జంపఖానా మీద కుర్చీ. నేను కొత్తపేటలో షావుకారు పెట్టిన మగ్గాల షెడ్డుకు పనికి పోవడం మొదలుపెట్టాను. పొద్దున ఆరున్నరకు పోతే సాయంత్రం ఐదుకు రావడం.

ఛానల్లో మాట్లాడడానికి మా వీధిలోనే కొత్తగా పెళ్లయిన గీతాంజలిని కుదుర్చుకున్నారు. డిగ్రీ చదివిన అమ్మాయి, మాట చక్కగా ఉంటుంది. రేపు మొదలు అనగా ఈ రోజు పొద్దున వాళ్ల నాయన పెనుకొండ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి ఆ పిల్లను తీసుకుపోయాడు. ఆషాఢంలో కొత్తకోడలు అత్తింట్లో ఉండకూడదు కదా! పెళ్లిళ్లు లేని నెల అని చూసి ఛానలు పెట్టిన మగవాళ్లిద్దరికీ, అదే నెలలో కొత్తకోడళ్లు పుట్టింటికి పోతారన్నది గుర్తే రాలేదు. మా అత్తకు గుర్తుంది. "నన్ను అడిగినారా, నేను చెప్పేకి?" అంది.

మరుసటి రోజు సాయంత్రం ఆరుకు ఛానలు మొదలు కావాలి. కుర్చీ ఖాళీ. అప్పటికే వీధి వీధంతా టీవీల ముందు కూర్చుంది. మా ఆయన చెమటలు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరిగి, చివరికి హరితను ఎత్తుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. దానికి అప్పుడు ఏడేళ్లు. రెండో తరగతి.

"ఏదో ఒకటి మాట్లాడు బంగారూ."

అది కెమెరాను చూసి, కాసేపు కాళ్లు ఊపి, "అందరూ అన్నం తింటిరా? మా అవ్వ తినలేదు. పన్ను నొస్తాందంట. నాయన డాక్టరు దగ్గరకు తీసకపోలేదు," అంది.

ఊరు ఊరంతా నవ్విందట. గంటలోపల ఫోను మోగింది. ఎవరో పళ్ల డాక్టరు. ఆ తర్వాత ఆపకుండా మోగింది. హరిత ప్రతి ఒక్కరినీ "ఎవరప్పా మాట్లాడేది? మీ ఇంట్లో ఈ పొద్దు ఏం కూర?" అని అడిగేది. 'హరితతో ఒక మాట' అట్లా పుట్టింది. అబద్ధం ఎందుకు, నేనూ మురిసిపోయాను. రోజూ సాయంత్రం నేనే దానికి తల దువ్వి, రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి కుర్చీ ఎక్కించాను. ఈ పాపంలో నా వాటా నాకుంది. దాన్ని ఎవరి మీదకూ తోసేయను.

శ్రావణం వచ్చేసరికి చీరల అంగళ్లవాళ్లు మా గడప దగ్గర క్యూ కట్టారు. హరిత పట్టుపావడా కట్టుకుని, వాళ్ల అంగడి పేరు చెప్పి, "అక్కల్లారా, అత్తల్లారా, రండి!" అంటే చాలు, మరుసటి రోజు జనం పోయేవాళ్లట. బిడ్డను తీసుకుని వీధిలో నడవడం కష్టమైంది. ముక్కూమొహం తెలియనివాళ్లు బుగ్గ గిల్లేవాళ్లు. ఒకాయన ఆటో ఆపి మరీ దిగి, "ఏం కూర అని అడుగు పాపా, ఒగసారి అడుగు!" అన్నాడు. అది నా కొంగు వెనక దాక్కుంది. "యాక్టింగ్ చేస్తాంది చూడు," అని నవ్వాడాయన. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను, అంతే.

నా నోరు మూయించింది ఇంకొకటి ఉంది. అప్పటికి కార్యక్రమం కాస్త మారింది. హరిత చేతిలో కాగితం పట్టుకుని పుట్టినరోజు పిల్లల పేర్లు, అంగళ్ల ప్రకటనలు చదివేది. షెడ్డులో నా పక్కమగ్గం యల్లక్క రోజూ ఇదే మాట.

"మే హనుమంతమ్మా, నీ కూతురు గడగడా చదువుతాంది కదమ్మే! రెండో తరగతికే! మా వాడు ఐదు. వాని పేరు రాయమంటే వాళ్ల నాయన్ని కేకేస్తాడు."

"అదంతా దేవుడి దయ లే యల్లక్కా."

"దేవునిది కాదు, నీది. నువ్వు ఏం తిని కన్యావో చెప్పు, నేనూ తింటా. ఇంగొగదాన్ని కంటా."

అందరం నవ్వుకునేవాళ్లం. నేను మాత్రం లోలోపల ఆకాశంలో ఉండేదాన్ని. 'వాస్తవ్యులు', 'శుభాకాంక్షలు' అనే మాటలు నాకు రెండుసార్లు ఆగితేగాని రావు. నా బిడ్డ ఆగకుండా చదువుతోంది! ఇంక నాకేం భయం?

వరలక్ష్మి వ్రతం అయిన వారానికి పెనుకొండ, హిందూపురం కేబుల్ వాళ్లు మారెప్పను వెతుక్కుంటూ వచ్చారు. మా పాప వాళ్ల ఊళ్లలో కూడా కనపడాలట. మా వైరు అంతదూరం పోదు కాబట్టి, పొద్దున రికార్డు చేసి, మధ్యాహ్నం బెంగుళూరు వైపు పోయే పాసింజరు బండిలో క్యాసెట్లు పంపాలి. సాయంత్రం మూడు ఊళ్లలోనూ ఒకేసారి వేస్తారు.

"పొద్దునా? మరి బడి?" అన్నాను.

"ఏడింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకు అయిపోతాది. అమ్మ నీళ్లు పోసి పంపిస్తాది," అన్నాడు మా ఆయన.

"బడికి ఒక్కపూట గూడా తప్పకూడదు."

"తప్పదు లేవే. నువ్వు సుమ్మనుండు. నీ అంత చదువు మాకూ ఉండాది."

అంత నవ్వుతూ అన్నాడు ఆ మాట.

రోజూ సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అడిగేదాన్ని. "బడికి పోతివా?" "పోతినమ్మా." మా ఆయన్ని అడిగితే "పోతాంది లే." మా అత్తను అడిగితే "పోక యాడికి పోతాది?" ఇంతమంది చెప్పినా నాకు నిద్ర పట్టదు, నా గుణం అది. నెలాఖరుకు బడి నుంచి కార్డు తెప్పించుకున్నాను. పనిదినాలు ఎన్నో హాజరు అన్నే. కింద సంతకం, గుండ్రటి స్టాంపు. స్టాంపు కనపడితే నమ్మేయడం మాలాంటివాళ్ల జబ్బు. కార్డుకు పసుపు రాసి దేవుడి పటం వెనక పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సెప్టెంబరు నెల చివర. షెడ్డులో నా మగ్గం మీది నిలువుపోగుల వార్పు అయిపోయింది. ఒక వార్పుకు మూడు చీరలు వస్తాయి. అది అయిపోతే, కొత్త పట్టుపోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటిగా అతికే మనిషి వచ్చేదాకా నేసేవాళ్లకు పని ఉండదు. పదిగంటలకే చీర కోసి షావుకారు చేతికిచ్చి బయటపడ్డాను. పగటిపూట ఖాళీ దొరకడం పండగ లాంటిది. సందు చివర అంగట్లో హరితకు ఇష్టమని బొరుగుల ఉండలు రెండు కొని, విరామం గంట వేళకు నేరుగా బడికి పోయాను.

పిల్లలంతా బయట అరుస్తూ ఆడుకుంటున్నారు. హరిత కనపడలేదు. వరండాలో రంగప్ప సారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ బడికి ఆయనే పెద్దసారు.

"రాండమ్మా రాండి! ఏం, రికార్డింగు అప్పుడే అయిపోయిందా ఈ పొద్దు?"

నాకు అర్థం కాలేదు. "హరిత యాడ సార్?" అన్నాను.

"యాడంటే? ఇంటి దగ్గరే కదమ్మా! పరీక్షల దినం ఒక పూట పంపిస్తే చాలని మీ ఆయనకు చెప్పినా కదా. బిడ్డ కష్టపడతాంది, మనం గూడా సహకరించాల కదా."

"ఎన్ని దినాల నుంచి రాలేదు సార్?"

అప్పుడు ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. నేను ఏమీ తెలియకుండా వచ్చానని ఆయనకు అప్పుడు అర్థమైంది.

"కార్డులో అన్ని దినాలూ వచ్చినట్లు రాసినారు కదా సార్."

"మన పాపమ్మా! మన పాపకు ఆబ్సెంటు ఎట్ల ఏస్తాం?" అన్నాడు.

వారం వారం శనివారం నా బిడ్డ టీవీలో ఒక మాట చెప్పేది. "నాకు చదువు చెప్పిన మా రంగప్ప సారుకు, మా బడికి శుభాకాంక్షలు" అని. ఆ మాట విని నేను చేతులెత్తి దండం పెట్టుకునేదాన్ని. దాని ధర ఎంతో ఆ వరండాలో తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. వీధి చప్పుడు లోపలికి రాకుండా తలుపు మీద దుప్పటి వేలాడేశారు. కిటికీ రెక్క సందులోంచి చూశాను. కుర్చీలో హరిత. చెమటకు పౌడరు చారలు కట్టింది. కెమెరా వెనక మా ఆయన.

"పెనుకొండ వాస్తవ్యులు. అను."

"పెనుకొండ వాస్తవులు."

"వాస్తవ్యులు!"

"వాస్తవ్... నాయనా, ఒంటికి పోవాల."

"ఇది ఒగటి చెప్పి పో. నవ్వు. కాగితం చూడు. ఆ, చెప్పు."

ఒక్కొక్క ముక్క ఆయన చెప్పడం, అది అప్పజెప్పడం, కెమెరా ఆపడం. మళ్లీ ఇంకో ముక్క. టీవీలో ఐదు నిమిషాల్లో గడగడా పోయేది ఇక్కడ పొద్దుటి నుంచి జరుగుతోంది. మా అత్త పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, "చెప్పేయి నా తల్లీ, బండి టైమైతాంది," అంటోంది.

నేను అరవలేదు. గడప మీద కూర్చున్నాను. పదకొండున్నరకు తలుపు తీసుకుని డేవిడ్ బయటికి వచ్చాడు. తలుపుల అనే ఊరి నుంచి పనికోసం వచ్చి, మారెప్ప దగ్గర స్తంభాలెక్కి వైర్లు కట్టే మనిషి. క్యాసెట్ల సంచి సైకిలుకు తగిలిస్తూ, "ఏం అక్కా, ఈ పొద్దు తొందరగా వచ్చినావే!" అన్నాడు. అతనికి కూడా తెలుసు. ఊరందరికీ తెలుసు. కన్నదానికి తెలియదు.

హరిత చేతిలోని కాగితం తీసుకుని చూశాను. అది మా ఇంటి కరెంటు బిల్లు.

అన్నం పెట్టాను. మొహం కడిగాను. తర్వాత దాని తెలుగు పుస్తకం తీసి, బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"చదువు బంగారూ."

అది వీపు నిటారుగా పెట్టింది. పుస్తకం వైపు ఒకసారి చూసింది. తల ఎత్తి, ఎదురుగా గోడ మీద ఎక్కడో చూస్తూ పళ్లన్నీ కనపడేట్టు నవ్వింది.

"శ్రావణమాసం సందర్భంగా మా వద్ద అన్ని రకముల పట్టుచీరలు..."

"ఇది చదువమ్మా. ఈ మాట." చిలక బొమ్మ కింద వేలు పెట్టాను. మూడే అక్షరాలు.

నవ్వు అట్లాగే పెట్టుకుని నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా అంది. "నాయన చెప్తేనే వస్తాదమ్మా."

పుస్తకం మూసేశాను.

డేవిడ్‌తో పాటు పోయిన మా ఆయన స్టేషన్ నుంచి ఈల వేసుకుంటూ వచ్చాడు. అడిగాను. ముందు బుకాయించాడు, తర్వాత గొంతు పెంచాడు.

"ఏం కొంప మునిగింది ఇప్పుడు? చదువుకున్నోళ్లంతా 'మా పేరు చెప్పించప్పా' అని నా చుట్టూ తిరుగుతాండారు. అది చదివి ఇంతకంటే ఏం చేస్తాది?"

"నన్ను మాన్పించినప్పుడు మా నాయన గూడా ఇదే మాట అన్యాడు."

"అదేం మాటే! హాజరు ఏస్తాండారు కదా!" అంది మా అత్త. "హాజరు ఉంటే పోయినట్లే కదా!"

"అత్తా, కూడు తినకుండా తిన్నట్లు రాసుకుంటే కడుపు నిండుతాదా?"

"నోరు ఎక్కువైంది దీనికి. షెడ్డులో అందరితో చేరి."

"అవును, ఎక్కువైంది. ఇన్ని దినాలు తక్కువైనందుకే ఈ గతి. ఏడేళ్ల బిడ్డకు కన్నతల్లి ముందర అబద్ధం చెప్పేది నేర్పించినారు. 'పోతినమ్మా' అని ఎంత చక్కగా చెప్తాది! అది గూడా మీరు ముక్కముక్క నేర్పించినారా? ఎన్నిసార్లకు వచ్చింది?"

హరిత ఏడవడం మొదలుపెట్టింది. తప్పు తనదేననుకుంది.

మరుసటి రోజు నేను షెడ్డుకు పోలేదు. హరితకు యూనిఫాం తొడిగి చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన గడపకు అడ్డం నిలబడ్డాడు.

"పెనుకొండోళ్లు, హిందూపురమోళ్లు కాసుకోని ఉండారే."

"ఉండనీ."

"పాసింజరు పోతాది."

"పోనీ."

"మారెప్పన్న ఊరుకోడు."

"మారెప్పన్నకు బిడ్డలు లేరా? తెచ్చి కూసోబెట్టమను."

ఆ మాట నేనే అన్నాను. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నానో.

బడిలో హరితను తరగతిలోకి పంపి రంగప్ప సారు ముందు నిలబడ్డాను. "రిజిస్టరు తీయండి సార్. నా బిడ్డ రాని దినాలకు ఆబ్సెంటు ఏయండి."

ఆయన నవ్వాడు. "ముప్పై ఏళ్ల సర్వీసమ్మా నాది. హాజరు ఏయమని కొట్లాడినోళ్లను చూసినా గాని, ఆబ్సెంటు ఏయమని కొట్లాడే తల్లిని నిన్నే చూస్తాండా. ఏం లాభం నీకు? ఇకమీదట పంపించు. చాలు."

"అది దొంగ హాజరు సార్. అది ఉన్నంతకాలం మా ఇంట్లో 'బడికి పోయింది' అనే అంటారు. దాన్ని చూపించే నా నోరు మూస్తారు."

"కొట్టేసి దిద్దితే పైవాళ్లు వచ్చినప్పుడు ఇరుక్కునేది నేనమ్మా."

"ఇరుక్కోండి."

నేను రెండో తరగతి గదిలోకి పోయి పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాను. పిల్లలకు ఒకటే నవ్వు. విరామం గంట కొట్టారు. నేను లేవలేదు. మళ్లీ లోపలికి రమ్మని కొట్టారు. నేను లేవలేదు. సారు వాకిట్లోకి వచ్చి పోతున్నాడు, వచ్చి పోతున్నాడు. చివరికి, "ఏందమ్మా నీ రచ్చ?" అన్నాడు.

"రచ్చ ఇంకా మొదలుపెట్టలేదు సార్. సాయంత్రం ఛానలుకు ఎవరైనా ఫోను చేయొచ్చు కదా. హిందూపురం నుంచి చేసినట్లు నేనూ చేస్తా. మీ పేరు వారం వారం ఇన్యారు జనం. ఒక్కసారి నా మాట గూడా ఇంటారు."

క్యాసెట్టులో ముందే రికార్డు చేసిన కార్యక్రమానికి ఫోను ఎట్లా వస్తుందని ఆయనకు తట్టలేదు. నాకూ ఆ క్షణంలో తట్టలేదు. ఆయన ఎర్ర పెన్ను తీశాడు.

నేను తేదీలు చెప్పలేను కాబట్టి ఆయన్నే ఒక్కొక్కటీ పైకి చదవమన్నాను. వేలు పెట్టి చూశాను. ఇరవైమూడు. ఒక్కొక్క హాజరు కొట్టేసి దాని మీద ఎర్రటి గుర్తు వేసి పక్కన చిన్న సంతకం చేశాడు. వేస్తూ వేస్తూ ఆయన చెవులు కూడా అదే రంగుకు తిరిగాయి. హరిత మెల్లగా వచ్చి బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూసింది.

"అమ్మా, ఆ ఎర్రవన్నీ నావేనా?"

"అవును. అన్నీ నీవే."

"ఎంత బాగుండాయో!"

ఆ తర్వాత ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. అది నాకు పెద్ద బాధ కాదు. మూడు రోజులు ఛానల్లో పాత క్యాసెట్లే తిప్పారు. నాలుగో రోజు సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి టీవీ పెట్టేసరికి, మా గదిలోని ఆ కుర్చీలోనే ఇంకో పాప. హరిత కంటే చిన్నది, ఆరేళ్లుంటాయి. పెద్ద పెద్ద కళ్లు. హరిత కట్టుకున్న పట్టుపావడానే నడుం దగ్గర పిన్నీసుతో బిగించి కట్టారు. "అందరూ అన్నం తింటిరా?" అంది. డేవిడ్ కూతురు. పేరు గ్రేస్.

మరుసటి రోజు పొద్దున్నే డేవిడ్‌ను వెతుక్కుంటూ పోయాను. వీధి మలుపులో స్తంభానికి నిచ్చెన వేసుకుని పైన ఉన్నాడు.

"ఏమప్పా డేవిడూ, కిందికి దిగు. మాట్లాడాల."

"చెప్పక్కా, ఈడికి ఇనపడతాది."

"పాపను బడికి పంపియ్యప్పా. నా బిడ్డకు ఏమైందో కళ్లారా చూసినావు కదా."

అతను వైరు బిగించడం ఆపలేదు. "అక్కా, మొన్నటిదాకా ఈ వీధిలో నన్ను 'ఒరేయ్ వైరోడా' అనే పిలుస్తాండ్రి. ఈ పొద్దు పొద్దున్నే ఇద్దరు 'గ్రేస్ వాళ్ల నాయన' అన్యారు. మీ పాపను మీరు తీసుకుంటిరి. ఖాళీ కుర్చీ మాకు దొరికె. దానికి గూడా మీకు కుళ్లా?"

"కుళ్లు కాదప్పా..."

"మరేంది? రెండు నెలలు మీ పాప కూసున్నప్పుడు లేని తప్పు, నా పాప కూసుంటే వచ్చిందా?"

మొదట్లో రోజూ జడలు వేసి కుర్చీ ఎక్కించింది నేనే. నేను కుర్చీ ఖాళీ చేశాను గాని, విరగ్గొట్టలేదు.

రంగప్ప సారు దగ్గరకు పోయి, గ్రేస్ మీ బడిలోనే ఉందా, ఆ పాపకు కూడా దొంగ హాజర్లే వేస్తున్నారా అని అడిగాను. ఆయన ఈసారి నవ్వలేదు. "ఆ పాప పేరే మా రిజిస్టర్లో లేదమ్మా. నీ దెబ్బకు మారెప్ప తెలివిమీరినాడు. పేరే రాయించకపోతే హాజరు గొడవే ఉండదు కదా," అన్నాడు. నా కొట్లాటతో వాళ్లు నేర్చుకున్నది అదీ.

దీపావళికి మారెప్ప ఛానలును హిందూపురం మార్చేశాడు. అక్కడ రెండంతస్తుల మిద్దె, కొత్త కెమెరాలు. మా ఆయన దాంతోపాటే పోయాడు. పండగలకు వచ్చి పోతుంటాడు. డేవిడ్ కుటుంబం కూడా పోయింది. మా అత్త నా దగ్గరే ఉంది. సాయంత్రమైతే పాత అలవాటు కొద్దీ టీవీ వైపు చూస్తుంది, ఇద్దరం ఏమీ అనుకోము. హరిత ఇప్పుడు నాలుగో తరగతి. ఒత్తులు వస్తే ఇంకా తడబడుతుంది. తడబడనీ. దాని తడబాటు దానిదే, వెనక నుంచి ఎవరూ అందించడం లేదు.

మా ఆయన వచ్చినప్పుడల్లా అడుగుతాను. "గ్రేస్ బడికి పోతాందా?"

"పోతాంది లే."

అదే గొంతు. అదే మాట. వినగానే నా ఒళ్లు మండిపోతుంది.

పోయిన ఏడు ఉండబట్టలేక నేనే హిందూపురం బండెక్కాను. మిద్దె మెట్ల మీద నిలబడితే తలుపు వెనక ఆ పాప గొంతు వినపడింది. ఒక ముక్క, ఆగడం. అదే ముక్క, ఆగడం. మంగళవారం, పదకొండు గంటలవేళ. డేవిడ్ నన్ను చూసి కిందికి తీసుకుపోయి, హోటల్లో టీ ఇప్పించాడు. "బడి ఇంటికే వస్తాదక్కా, ట్యూషన్ పెట్టినాం," అన్నాడు. ట్యూషన్ చెప్పే వాళ్ల పేరేమి అని అడిగాను. అతను వీధిలోని వైర్ల వైపు చూశాడు. నేను మళ్లీ పోతే లోపలికి రానీయొద్దని వాచ్‌మన్‌కు చెప్పించారని తర్వాత మా ఆయనే నాతో అన్నాడు, ఏదో గొప్ప సంగతి చెప్పినట్టు.

అందుకే కూడబలుక్కుంటూ ఇది రాస్తున్నాను. ఇది చదివేవాళ్లలో హిందూపురం వాళ్లు ఉంటారు. కనీసం అక్కడ చుట్టాలున్నవాళ్లు ఉంటారు. సాయంత్రం ఏడుకు మీ ఇంట్లోకి నవ్వుతూ వచ్చే ఆ పాప, తలుపుల డేవిడ్ కూతురు గ్రేస్. ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉంటుంది, పౌడరుతో కప్పేస్తారు. ఆదివారం పొద్దున చర్చిలో కనపడుతుంది. ఆ ఒక్కరోజే కుర్చీ ఎక్కించరు. ఒకసారి పోయి చూడండి. బడికి పోతున్నావా అని అడగవద్దు, 'పోతాండా' అనే చెబుతుంది. వాళ్ల నాయన్ని అడగవద్దు. ఏ కార్డు చూపించినా నమ్మవద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి దొరికిన పుస్తకం ఏదైనా తెరిచి, ఒక్క వాక్యం చదివించండి. రాకపోతే ఆ పాప మిమ్మల్ని చూసి చాలా ముద్దుగా నవ్వుతుంది. ఆ నవ్వు చూసి మాత్రం లేచి వచ్చేయకండి.